అంతయ్య వ్యానుకు ఇంకో చెయ్యి

నస్పూర్‌లో అంతయ్య వ్యానును చూసి నవ్వనివాడు పాపాత్ముడు. పట్టాళంవాళ్లు వేలంలో వదిలించుకున్న బండి అది. తలుపుకు గడియ బదులు పలుపుతాడు, పెట్రోలు ట్యాంకు కారేచోట బట్టల సబ్బు ముద్ద. అయినా ఏళ్ల తరబడి పొద్దున్నే కూరగాయల గంపలను మంచిర్యాల అంగట్లో దించుతూనే ఉంది. కొత్తది కొనే తాహతు లేనివాడికి పాతదాన్ని బతికించుకోవడమే విద్య. అంతయ్య దానికి ఎద్దుకు చేసినట్టు చాకిరీ చేసేవాడు. భార్య బాలలక్ష్మిని మాత్రం తుడవడానికి తప్ప తాకనిచ్చేవాడు కాదు.

ఆ వ్యానే అతని చెయ్యి విరిచింది. స్టార్టు చేయడానికి బండి మూతి దగ్గర గుచ్చి తిప్పే ఇనుప హ్యాండిల్ ఎదురు తన్ని, కుడి మణికట్టు పుటుక్కుమంది. కట్టుతో అతను గడపలో కూలబడ్డాడు. గంపలు ఎడ్లబండ్లెక్కాయి. అన్న మొండయ్య ఊరుకుంటాడా?

"రేపు పొద్దుగాల్ల పాత ఇనుము కొనేటాయనను తోలుకొస్త. తిప్పేటోడు లేనప్పుడు ఇగ బండెందుకురా?"

అంతయ్య సరేనన్నాడు. అన్నాడే గానీ, ఆ రాత్రి కూడా ఎడమ చేత్తోనే వ్యాను తలుపు పలుపుతాడు బిగించి వచ్చాడు.

తెల్లారగానే బాలలక్ష్మి గంపలు వ్యానులోకి ఎక్కించి, కొంగు నడుముకు దోపి వ్యాను ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఎక్కి తాళం తిప్పు."

"పిచ్చి లేసిందా? నా చెయ్యి ఇరిగింది సాలదా?"

"బొటనవేలు వేళ్లకు ఎదురు పెట్టినవ్, గందుకే ఇరిగింది. అన్నీ ఒక్క దిక్కే ఉంచి కిందికెల్లి మీదికి గుంజాలె. దినాం నువ్వు జేసేది సూస్తలేనా? ఆనాడే తొందరవడ్డవ్."

అంతయ్య ఎక్కి తాళం తిప్పాడు. బావిలో నీళ్లు చేదిన చేతులు ఆమెవి. లాగింది. వ్యాను తుమ్మి ఊరుకుంది. మళ్లీ లాగింది. భళ్లున లేచి వాకిలంతా వణికించింది! చచ్చినట్టు పడున్న ఇనుము ప్రాణం పోసుకోవడం అంతయ్యకు కొత్త కాదు. ఆ ప్రాణం పోసే మనిషిని బండి ముందు అద్దంలోంచి చూడటం కొత్త.  ఇంత మనిషి తన ఇంట్లోనే ఉందని తెలియనందుకు సిగ్గు వేసింది.

"ఒక్క చేత్తోని ఎట్ల నడుపుతనే?"

ఆమె పక్కన ఎక్కి గేరు కర్ర పట్టుకుంది.

"సక్రం నీది, గిది నాది. ఎప్పుడెయ్యాలెనో జెప్పు."

గేరు గీపెట్టింది, పడింది. మూల తిరిగేసరికి ఇనుము ఆయనతో మొండయ్య ఎదురయ్యాడు. ఇద్దరూ పక్కకు దూకారు.

"ఆపురా!"

అంతయ్య భార్య వైపు చూశాడు. వ్యాను సంగతి ఏనాడూ ఆమెను అడిగి ఎరగడు.

"ఆపుదునా?"

"ఆపితే మళ్ల నేనే తిప్పాలె," అంది బాలలక్ష్మి. "అంగడి యాళ్లయితుంది. పోనియ్యి."