పద్మశ్రీ పరీక్షకు కట్నాలు

సాయంత్రం మగ్గం దిగాక, పొయ్యి వెలిగించేలోపు నాకు గంట తీరిక. ఎమ్మిగనూరులో మా ఇంట్లోనే ఫోను ముందు కూర్చుని ఆ గంటసేపు కోసిగి పిల్లలకు లెక్కలు చెప్తాను. కడపలో కంప్యూటర్ సెంటరు నడిపే గోపీ సైన్సు చెప్తాడు. మేమిద్దరం ఎదురెదురుగా ఎన్నడూ కలవలేదు.

మా పిల్లల్లో పద్మశ్రీ పదో తరగతి. అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. పిల్ల కోసిగిలోనే అవ్వ తిమ్మమ్మ దగ్గర ఉంది. ఇద్దరి కూలి చాలడం లేదని, ఆదివారం వచ్చి పిల్లను కూడా తీసుకుపోతానని వాళ్ల నాయన రామలింగప్ప ఫోను చేశాడు. పరీక్షలు ముందర పెట్టుకుని ఇదేం బుద్ధి అని నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్షలయ్యేదాకా ఆ ఇంటి ఖర్చులకు ఆన్‌లైన్‌లో చందా అడుగుదామన్నాడు గోపీ.

అడిగాడు మహానుభావుడు! ఎండిన చేను, వెనక ఏడుపు సంగీతం, మధ్యలో తిమ్మమ్మ మొహం. ఆ వీడియో చూసి ఇచ్చినవాళ్లు తక్కువే. తిమ్మమ్మ మాత్రం మండిపడింది.

“నేనేమన్నా అడుక్కుతినేదాన్నా? ఇచ్చినోళ్ల పేరు నలుగురిలో సదవల్ల. అదీ పద్ధతి.”

అందుకే శనివారం సాయంత్రం చిన్న ఈరన్నను తిమ్మమ్మ గడపలో ఫోను ముందు కూర్చోమని, కడప నుంచే గోపీ లైవ్ పెట్టి, ఇచ్చినవాళ్ల పేర్లు పంపసాగాడు. ఊళ్లో ఏ పెళ్లయినా ఎవరెంత చదివించారో మైకులో కట్నాలు చదివేది ఈరన్నే.

“నందికొట్కూరు హనుమన్న గారు, పెళ్లికూతురికి...”

“పెళ్లి కాదప్పా, పరీచ్చ,” అంది తిమ్మమ్మ.

ఈరన్న తలూపి మళ్లీ పెళ్లికూతురనే అన్నాడు. గోపీ పడీపడీ నవ్వాడు. కానీ పక్కింటివాడి పేరు మైకులో వినబడితే మా సీమలో ఎవరు ఊరుకుంటారు? ఓర్వకల్లు నుంచి డబ్బు వచ్చింది, కర్నూలు నుంచి వచ్చింది. మిరప చేలల్లో ఉన్న కోసిగి కూలీలు కూడా తలా కొంత వేశారు.

ఉన్నట్టుండి ఈరన్న ఆగాడు.

“కోసిగి రామలింగప్ప... ఏమప్పా, నువ్వు ఇయ్యకూడదు. పిల్ల తండ్రివి, నువ్వు పిలిచేటోనివి. అందరినీ బువ్వ తిని పొమ్మని చెప్పు.”

రామలింగప్ప తెర మీదికి వచ్చాడు. వెనక మిరపకాయల బస్తాలు.

“మేము ఊరికి వచ్చినాక పిలుస్తాం. అందరూ వచ్చి భోంచేసి పోండప్పా,” అన్నాడు.

నేను ఊరుకోలేదు. “మరి రేపు పిల్లను తీసుకుపోను వస్తాండావా అన్నా?”

“ఇంతమంది కట్నాలు సదివించినాక పిల్లను మిరప చేనుకు తోల్కపోతే నలుగురిలో తలెత్తుకునేది ఎట్ల, టీచరమ్మా? ఆడనే ఉంటాది. సదువుకోనీ.”

నన్ను టీచరమ్మా అన్నవాళ్లు అంతవరకూ లేరు. సంతోషంతో కళ్లనీళ్లు ఆగలేదు. ఇంతలో పద్మశ్రీ అవ్వ చేతిలోంచి ఫోను లాక్కుంది.

“అక్కా, ఈ పొద్దు క్లాసు ఉండాదా, లేదా?”

ఉందన్నాను. ఈరన్నను కాస్త గొంతు తగ్గించి చదవమని లెక్క మొదలుపెట్టాను. రామలింగప్ప ఫోను పెట్టేయలేదు. బస్తాకు ఆనుకుని కూర్చుని, ఆ పూట క్లాసంతా విన్నాడు.