రెండు బస్సుల ఖాళీ

ఝాన్సీ కండక్టరుగా చేరి నెల తిరగలేదు. ఆ రోజు పాలకొండ నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో డ్యూటీ. డ్రైవరు నరసింగరావుది ఇరవై ఆరేళ్ల సర్వీసు. బూర్జ దాటేసరికి వాన దంచికొట్టింది. ఆయన లైట్లు వేసి, వేగం సగానికి తగ్గించేశాడు. ముందున్న కారుకి రెండు బస్సులు పట్టేంత ఎడం వదిలి నడుపుతున్నాడు.

ఆ ఖాళీ చూసి ఆటోలు, వ్యాన్లు హారన్ కొట్టుకుంటూ వచ్చి దూరుతున్నాయి. ఒకటి దూరినప్పుడల్లా నరసింగరావు మళ్లీ వెనక్కి తగ్గుతున్నాడు.

ముందు సీట్లో జగన్నాధం అనే ధాన్యం వ్యాపారి ఉన్నాడు. ఆమదాలవలసలో రైలు అందుకోవాలి. "ఏటి డ్రైవరు బావూ, అందరూ మనల్ని దాటెల్లిపోతన్నారు. ఎడ్లబండి నయం," అన్నాడు. బస్సంతా నవ్వింది. ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది.

"రోడ్డు సరిగా అవుపించడం లేదు బావూ," అని ఊరుకున్నాడు నరసింగరావు.

కల్వర్టు దగ్గర అన్నీ ఆగిపోయాయి. రోడ్డు మీద పిక్కల లోతు నీళ్లు. ఎడమ వైపు కార్ల వరస. ఇందాక దాటిపోయిన ఆటోలు, వ్యాన్లు ఆ వరసలో నిలబడలేక కుడి వైపుకి వెళ్లి, ఎదురొచ్చే లారీకి అడ్డంగా ఇరుక్కున్నాయి. లారీ వెనక మరో వరస. ఎవరూ కదిలే వీలు లేదు.

నరసింగరావు యథాప్రకారం దూరంగానే ఆగాడు. ఈసారి మాత్రం వెనకవాళ్లు రాకుండా బస్సుని రోడ్డు నడిమధ్యన పెట్టాడు. "అమ్మా, బైకులు రానీకు," అని ఝాన్సీకి చెప్పి, వానలో నడుచుకుంటూ ఆటోల దగ్గరకి వెళ్లాడు.

"తమ్ముడూ, ఎనకాల నా బస్సు ముందు సోటుంది. ఒక్కొక్కలే ఎనక్కి రండి."

"నేనే ఎందుకు తగ్గాల?" అన్నాడు చివరి ఆటో అతను.

"నువ్వు తగ్గితేనే మిగతావోళ్లు కదుల్తారు. లారీ ఎల్లిపోగానే ముందు నిన్నే పంపుతాను."

అతను రివర్సు వేశాడు.

బస్సు పక్కన ఒక బైకు అతను ఝాన్సీ మీద కేకలేస్తున్నాడు. ఆమె జరగలేదు. జగన్నాధం గొడుగు తీసుకుని దిగి, బస్సుకి రెండో పక్కన నిలబడ్డాడు. ఏడు ఆటోలు, రెండు వ్యాన్లు ఆ ఖాళీలోకి వచ్చాయి. నరసింగరావు వచ్చి బస్సుని ఎడమకి తీశాక లారీ మెల్లగా దాటింది. దాని వెనక వరసా దాటింది. నరసింగరావు మాటిచ్చినట్టే ఆ ఆటోనే ముందు పంపాడు.

ఆమదాలవలస చేరేసరికి రైలు వెళ్లిపోయింది. జగన్నాధం దిగేముందు తన పొడి తువ్వాలు డ్రైవరు భుజాన వేసి వెళ్లాడు.

"అంతమంది దాటెల్లిపోతంటే కోపం రాదా బాబాయ్?" అడిగింది ఝాన్సీ.

"మొదట్లో వచ్చీది. వానలో అందరికీ తొందరే గదమ్మా. ఎవుడో ఒకడు ఎనక ఆగాల."

ఆయన తల తుడుచుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. ఇలాంటి మనిషితో డ్యూటీ పడినందుకు ఆ తడి బట్టల్లోనే ఝాన్సీకి గర్వంగా అనిపించింది. తలుపు దగ్గర నిలబడి గట్టిగా రైట్ చెప్పింది.