దగ్గరికొచ్చే గోడలు

పొద్దున్నే మాస్టరమ్మ మంచం మీద నుంచి కాళ్ళు కిందికి దించి, కుడి చెయ్యి గాల్లోకి చాపేది. గోడ జానెడు ముందుకు జరిగి ఆ చేతి కిందికి వచ్చేది. దాన్ని ఆనుకుని లేచి, ఎడమ మోకాలు ఒకసారి కలుక్కుమన్నాక వంటింటి వైపు నడిచేది. ఆమె పొయ్యి వెలిగించే సరికి గోడ మళ్ళీ వెనక్కి పోయేది గానీ, వచ్చినంతా ఎప్పుడూ పోయేది కాదు. అందుకే ఆ ఇంట్లో హాలు ఏడాదికేడాది సన్నబడుతూ వచ్చింది. భోజనాల బల్లకి ఒకవైపు కుర్చీలు తీసేశారు. సోఫాలో కూర్చుంటే మోకాళ్ళు టీవీ బల్లకి తగిలేవి.

"గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ, మీ గోడలకి కాళ్ళు కూడా ఉన్నాయే అమ్మాయ్," అనేది పక్కింటి పిన్ని, నడవలో పక్కకి తిరిగి లోపలికొస్తూ. ఆవిడ భారీ మనిషి. "ఇంకో నాలుగు వేళ్ళు జరిగితే నేను రావడం మానేస్తాను. అప్పుడు ఈ వీధి కబుర్లన్నీ నీకెవరు చెబుతారో చూస్తాను."

ఆవిడకి గానీ, ఇంకెవరికి గానీ ఇందులో వింత కనిపించలేదు. కొందరి ఇళ్ళల్లో కుళాయి కారుతుంది, కొందరి ఇళ్ళల్లో చెదలు పడతాయి. వీళ్ళింట్లో మాస్టరమ్మకి భయమేస్తే గోడలు దగ్గరికొస్తాయి.

ఆమెకి భయాలకేం కొదవ లేదు. ఆ ఊళ్ళో అయినవాళ్ళంటూ ఎవరూ లేరు. కూతురికి అమ్మమ్మయినా నానమ్మయినా ఫోన్లో వినిపించే గొంతులే. మొగుడు బస్సు నడుపుతాడు, తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. తనకేదైనా అయితే పన్నెండేళ్ళ పిల్ల ఎవరి చేతుల్లో పడుతుందన్న ఆలోచన ఆమెకి పని మధ్యలో వచ్చేది, నీళ్ళు పట్టుకుంటుంటే వచ్చేది. కూతురు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ముందుగా కూతురి గదే సన్నబడేది. పిల్ల వచ్చి చూసుకుని, "ఇవాళ బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది, అంత ఆలస్యమయ్యానా?" అని నవ్వేసేది.

మాస్టరమ్మ బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరు. పొడుగాటి బల్ల మీద పొరలు పొరలుగా పరిచిన గుడ్డని, పై పొర మీద గీసిన గీత వెంబడి నిలువు కత్తి మిషనుతో కోస్తుంది. కూర్చుని చేసే పని కాదు. గీత నూలుపోగంత పక్కకి పోయినా కింద ఉన్న చొక్కాలన్నీ పాడైపోతాయి. ఇన్నేళ్ళలో పోలేదు. ఈ మధ్య పోతోంది. బరువంతా కుడి కాలి మీద మోపి నిలబడుతుంటే ఒళ్ళు ఒరిగిపోయి, ఒంటితో పాటు కత్తీ ఒరుగుతోంది.

"మొత్తం మార్చక్కర్లేదమ్మా," అన్నాడు ఎముకల డాక్టరు, ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పట్టి చూస్తూ. "మోకాల్లో అరిగింది లోపలి సగమే. ఆ సగానికి లోహం తొడిగి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ళ పెడతాం. మోచెయ్యి చిరిగిందని చొక్కా అంతా పారేస్తామా?"

"పారేయం. కానీ అతుకు వేద్దామని విప్పితే, ఒక్కోసారి పక్క గుడ్డ కూడా జీర్ణమైపోయి ఉంటుంది."

డాక్టరు ఫిల్ము దించి ఆమెని చూశాడు. "నేను చెప్పాల్సింది మీరే చెప్పారు. తెరిచాక అలా కనిపిస్తే మొత్తం మార్చేస్తాం. అది అప్పుడే తేలుతుంది."

"అప్పుడు నన్ను అడుగుతారా?"

"ఇప్పుడే అడుగుతున్నాను కదా."

మత్తు గురించి అడిగింది. నడుములో సూది వేస్తామని, కింది సగం మొద్దుబారుతుందని, పై సగం నిద్రపోతుందని చెప్పారు. నిద్ర లేవకపోతే ఏం చేస్తారని అడగబోయి, పక్కనే కూతురు కూర్చుని ఉందని ఆగిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇంటి తలుపు పూర్తిగా తెరుచుకోలేదు.

ఆపరేషన్‌కి ముందు చెయ్యాల్సినవి ఆమె ఒక్కటీ వదల్లేదు. కాలికి తట్టుకునే చాపలన్నీ చుట్టి అటకెక్కించింది. కుర్చీ కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయించింది. పడుకుని తొడ బిగించి కాలు ఎత్తే వ్యాయామం పొద్దునా సాయంత్రమూ చేసింది. ఆపైన ఎవరూ చెప్పనివి మొదలుపెట్టింది. గ్యాస్ ఎలా కట్టెయ్యాలో, కరెంటు పోతే ఏ మీట చూడాలో, నాన్నకి కోపమొస్తే ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలో కూతురికి నేర్పింది. తన చీరల్లో దేనికి గంజి పెట్టకూడదో చెబుతుంటే పిల్ల మొహం అదోలా పెట్టింది.

"అమ్మా, నువ్వు మోకాలికి వెళ్తున్నావా, మోక్షానికి వెళ్తున్నావా?"

మాస్టరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే చెయ్యి చాపింది. గోడ వచ్చింది.

ఆ రోజుల్లోనే వాళ్ళు ఇంకే ఇంట్లోనూ ఎవరూ చెయ్యలేని తప్పు చేశారు. ఆపరేషన్ తర్వాత పడిపోకూడదని ఆసుపత్రివాళ్ళు మరీ మరీ చెప్పారు. "ఊతకర్ర దేనికి, మనకి గోడలున్నాయిగా," అన్నాడు మొగుడు. బస్సులో నిలబడేవాళ్ళకి పట్టుకునే కమ్మీ ఎంత ముఖ్యమో తెలిసిన మనిషి. వాకరు కొన్నారు గానీ, దాంతో పాటు గోడలకీ ఊతమివ్వడం అలవాటు చేశారు. ఆమె రెండు చేతులూ చాపుతుంది, నడవకి రెండువైపులా గోడలు వస్తాయి. వాటి మధ్య ఊగుతూ నడుస్తుంది. మళ్ళీ చాపుతుంది, మళ్ళీ వస్తాయి. మొదట్లో తాబేళ్ళలా కదిలే గోడలు, పోనుపోను చెయ్యి లేవకముందే బయల్దేరడం నేర్చుకున్నాయి. మొగుడు దగ్గరుండి మెచ్చుకున్నాడు. కూతురు చప్పట్లు కొట్టింది.

ఆసుపత్రి గోడలు మాత్రం ఎవరికోసమూ కదిలే రకం కావు. తోపుడు మంచం మీద తీసుకెళ్తుంటే ఆమె చెయ్యి చాపింది. ఆకుపచ్చ రంగు గోడ తన మానాన తను వెనక్కి జారిపోయింది. సూది వేసే నర్సు ఆ చేతిని పట్టుకుని, మెల్లగా లోపలికి మడిచి, పొట్ట మీద పెట్టింది. "ఇక్కడ ఉంచుకోండమ్మా. ఇక్కడైతే ఎవరికీ అడ్డం కాదు." తర్వాత ఎక్కడో దూరంగా, తన కాళ్ళున్నవైపు, వడ్రంగి పనిలా ఠక్ ఠక్ మని దెబ్బలు. నొప్పి లేదు. చప్పుడు మాత్రం ఎముకల్లోంచి పాకి పళ్ళదాకా వచ్చింది. నన్ను మొత్తం విప్పేస్తున్నారు, అనుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"సగమే," అన్న డాక్టరు గొంతుకి కళ్ళు తెరిచింది. "పక్క గుడ్డ బాగానే ఉంది. ఇక మీరు నడవడమే తరువాయి."

నడవడమే తరువాయి అని చెప్పినవాళ్ళు నడవక్కర్లేదు. ఇంటికొచ్చాక మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఐసు సంచి పెట్టినంతసేపు తగ్గి, తీయగానే మండేది. నొప్పి ఆమె ఎలాగో ఓర్చుకుంది. కాలి మీద బరువు మోపితే లోపలి ముక్క ఊడి వస్తుందేమోనన్న భయమే ఓర్చుకోలేకపోయింది. మంచం దిగితే చాలు, గోడలు రెండువైపులా సిద్ధంగా నిలబడేవి. వాకరు పట్టుకున్నట్టే పట్టుకుని, రెండడుగులకోసారి దాన్ని వదిలి గోడల మీద వాలిపోయేది.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి మోకాలు వంచి చూసి, కొలిచి, పెదవి విరిచింది.

"అక్కా, ఇది ఇంకా వంగాలి. ఈ కొద్ది వారాల్లో వంగకపోతే లోపల బిగుసుకుపోతుంది. తర్వాత నేనొచ్చినా, నా తాతొచ్చినా వంచలేం."

"రోజూ నడుస్తూనే ఉన్నానమ్మా."

"మీరు నడవట్లేదు. గోడలు మోస్తున్నాయి. ఈ కాలు ఇంతవరకు నేల బరువు చూడలేదు." ఆ పిల్ల లేచి నడవలోకి వెళ్ళి, గోడకీ గోడకీ మధ్య తన భుజాలతో కొలుచుకుంది. "వీటిని ఎవరు ఇంత మప్పారు?"

"అందరం," అంది కూతురు తన గదిలోంచి.

"అయితే అందరూ మానిపించండి. అక్కా, మీరు చెయ్యి చాపకండి. చాపితే అవి రాక మానవు. వాటి తప్పేం లేదు."

చాపకూడదనుకున్న రోజే ఎక్కువ చాపింది. నడవ ఎంత సన్నబడిందంటే, వారం తిరిగేసరికి వాకరు దాని అవతలి చివర అడ్డంగా ఇరుక్కుని, లాగినా రాలేదు. మొగుడు రాత్రి వచ్చి ఊడదీస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన కూతురు తన గదిలో తలుపేసుకుంది. మాస్టరమ్మ ఎత్తు కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంది. గదిలో ఏదో ధబ్బుమని పడింది.

"ఏమే?"

జవాబు లేదు.

"ఏమే, నిన్నే."

లేదు. మాస్టరమ్మ ఎలా లేచిందో తనకే తెలీదు. వాకరు లేకుండానే నడవలో అడుగుపెట్టింది. ఎడమకాలు వణికింది. పడిపోతున్నాననుకుంది. రెండు చేతులూ చాపింది.

గోడలు మునుపెన్నడూ రానంత వేగంగా వచ్చాయి. అరచేతులకి తగిలినా ఆగలేదు. మోచేతులు మడతపడ్డాయి. కూతురి గదిలో ఏవో చెక్కలు ఒరుసుకున్న చప్పుడు, ఏదో పుటుక్కున విరిగిన చప్పుడు.

"అమ్మా?" పిల్ల చెవుల్లోంచి పాటల వైర్లు తీసినట్టుంది. "అమ్మా, పుస్తకాల సంచి పడింది, అంతే. నువ్వేం చేస్తున్నావు? నా మంచం నిలువునా లేచిపోతోంది."

"బయటికి రా. తలుపు తియ్యి."

"రావట్లేదు. చట్రం నొక్కేసింది." ఇంకాస్త సన్నని గొంతుతో, "బల్ల పొట్టకి తగులుతోందమ్మా."

ఆ మాటకి మాస్టరమ్మ భయం రెట్టింపైంది. గోడలూ ఇంకాస్త వచ్చాయి. కేకేసి పిన్నిని పిలుద్దామనుకుంది. పిలిచినా ఈ నడవలో ఆవిడ పట్టదు. తలుపు తొయ్యాలని చెయ్యి లేపింది. చెయ్యి లేస్తుండగానే గోడ దానికోసం కదలడం, తలుపు చట్రం మూలుగుతూ వంగడం కళ్ళారా చూసింది.

పిల్లని నొక్కుతున్నది గోడ కాదు. ఈ చెయ్యి.

"అమ్మా, నాకు గాలి..." అని, పిల్ల ఆ మాట మింగేసింది. అమ్మ భయపడుతుందని మింగేసిందని మాస్టరమ్మకి తెలిసింది. ఎన్నేళ్ళుగా ఇలా మింగుతోందో.

ఆమె రెండు చేతులూ లోపలికి మడిచి పొట్ట మీద పెట్టుకుంది. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. ఇక పట్టుకోవడానికి ఒళ్ళు తప్ప ఏమీ లేదు. ఎడమకాలు నేల మీద పూర్తిగా మోపింది. మోకాల్లో మంట లేచి తొడదాకా పాకింది. ఊడిపోతుంది, ఇప్పుడే ఊడిపోతుంది, అనుకుంది. కాలు నిలబడింది. సగం తనది, సగం కానిది, రెండూ కలిసే నిలబడ్డాయి.

గోడలు చేతుల కోసం ఆమె భుజాలని తడిమాయి. దూడ మూతితో పొదుగు వెతుక్కున్నట్టు ముంజేతుల కింద వెతికాయి. ఆమె ఇవ్వలేదు. భయం పోలేదు, ఒళ్ళంతా చెమటై కారుతోంది. భయపడుతూనే ఇంకో అడుగు వేసింది. ఇంకోటి. కాలు వంగింది, ఫిజియో చేతుల్లో ఎన్నడూ వంగనంత వంగింది. గోడలు కాసేపు ఎటూ తేల్చుకోలేక నిలబడి, తర్వాత మెల్లగా, నొచ్చుకున్నట్టు, వెనక్కి జరిగాయి. తలుపు చట్రం వదులైంది.

కూతురు పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, సన్నని సందులోంచి జారుకుంటున్నట్టు బయటికొచ్చింది. అప్పటికి తలుపు బార్లా తెరుచుకునే ఉంది. తిన్నగా రావచ్చని ఆ పిల్లకి తోచలేదు. మాస్టరమ్మ ఆ సంగతి అప్పుడే గమనించింది.

"పడిపోతావు, పట్టుకో," అని కూతురు చెయ్యి ఇవ్వబోయింది.

"వద్దు. పక్కన నడువు, చాలు."

హాలు చివరిదాకా నడిచారు. గోడలు పోతూనే ఉన్నాయి. రాత్రి మొగుడొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయి, "మనిల్లు ఇంత ఉందా?" అని చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు, ఎవరింటికో వచ్చినవాడిలా.

ఆ తర్వాత గోడలు మళ్ళీ రాలేదంటే అబద్ధం. వస్తాయి. నాలుగు వేళ్ళ మేర వచ్చి, అడిగినట్టు ఆగుతాయి. మాస్టరమ్మ మళ్ళీ బల్ల దగ్గర రెండు కాళ్ళ మీదా నిలబడి గుడ్డ కోస్తోంది. గీత పక్కకి పోవట్లేదు. కూతురు తిన్నగా నడవడం నేర్చుకోవడానికి తల్లి కాలికంటే ఎక్కువ రోజులు పట్టింది. మొదట్లో జాగా ఎంతుందో తెలీక మోచేతులు అన్నిటికీ కొట్టుకునేది. ఒకరోజు మెట్ల మీద పిన్నికి తగిలింది.

"అంత జాగా ఎందుకే నీకు? నాకంటే ఒళ్ళు ఉంది," అంది పిన్ని.

"జాగా ఉంది కదా పిన్నీ," అని పిల్ల చేతులు ఊపుకుంటూ దిగిపోయింది.

ఆ రోజు తొలిసారి ఒక్కతే బస్సెక్కి ఊరి అవతలికి వెళ్తోంది. మాస్టరమ్మ గుమ్మంలో నిలబడింది. పిల్ల మలుపు తిరిగింది. వెనకనుంచి గోడ వచ్చి వీపుకి తగిలింది. ఆమె అటు తిరిగి చూడలేదు. చేతులు రెండూ పొట్ట మీద కట్టుకుని, వెనక్కి వాలకుండా, ఖాళీ వీధిని చూస్తూ నిలబడింది.