సంగటి ఉన్న చోటికి

సంగటి గెలకడానికి బలం కావాలి, తినడానికి తొందర కావాలి. ఆరితే గొంతు దిగదు. బాగేపల్లిలోని ఆ ఇంట్లో కోడలు శశికళకు గెలకడమే దక్కింది. మామ సీనప్ప హాల్లో టీవీ ముందు కూర్చుని స్టీలు గ్లాసు నేలకేసి కొడితే వేడి ముద్ద పోవాలి. మళ్ళీ కొడితే పులుసు పోవాలి. ఆ తర్వాత మొగుడు అమరేష్ వంతు. గిన్నె అడుగున గీకిన చల్లటి ముద్ద అత్తాకోడళ్ళది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆకలికి తాళలేక ఆమె ముందే తింటే, "ఆడోళ్ళు ముందు తింటే ఇంట్లో గింజ నిలవదు" అన్నాడు సీనప్ప. "ఒక ముద్ద తెచ్చిచ్చేదానికి టీచరమ్మకు నామోషీనా?" అని అమరేష్ నవ్వాడు. ఆ నవ్వే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. బడిలో పిల్లలకు సమానత్వం గురించి చెప్పి వచ్చి, ఇంట్లో గ్లాసు చప్పుడుకు లేచే తన కాళ్ళను చూస్తే ఆమెకు తన మీదే ఒళ్ళు మండేది.

ఒక రోజు రాత్రి వంట వేళ. మరునాడు బడిలో ఆమె పాఠం వినడానికి తనిఖీ అధికారి వస్తున్నారు. ఫ్రాన్సు రాజు మీద జనం తిరగబడిన పాఠం. ఏయే మలుపుల్లో కథ మారిందో చెప్పాలి. చదువుకునే తీరిక ఎక్కడిది? అందుకే తెడ్డు తిప్పుతూనే అత్త మునిరత్నమ్మకు చెప్పసాగింది. జనం జైలుకోట పగలగొట్టారంటే అత్త ఊఁ కొట్టింది గానీ అనపగింజలు పితకడం ఆపలేదు. రొట్టె దొరక్క ఆడవాళ్ళు వానలో రాజు మహలుకు నడిచారనగానే ఆపింది.

"ఎంత దూరం?"

"ఈణ్ణించి గుడిబండకు పోయినంత అనుకోత్తా."

"పోయి రొట్టెలు తెచ్చుకునిరా?"

"రాజునే తెచ్చుకునిరి. మా మధ్యలోనే ఉండు, మా ఆకలి చూడు అని, పెండ్లాం బిడ్డలతో సహా ఊర్లోకి పిల్చుకొచ్చేసిరి."

పుస్తకంలో కోటకు ఒక పేజీ, ఆ ఆడవాళ్ళకు రెండు వాక్యాలు. అసలు మలుపు ఆ రెండు వాక్యాల్లోనే ఉందని చెబుతుంటేనే శశికళకు తోచింది.

పులుసు ఉడికేసరికి హాల్లో గ్లాసు మోగింది. అలవాటుగా శశికళ ప్లేటు అందుకుంది. మునిరత్నమ్మ దాన్ని తీసి కోడలి ముందే పెట్టి, పొగలు కక్కే ముద్ద వేసింది. ఇంకొకటి తనకు వేసుకుంది.

"కూసో. ఆరిపోతాది."

గ్లాసు మళ్ళీ మోగింది.

"సంగటి ఈడుండాది. రాప్పా," అంది మునిరత్నమ్మ, గొంతు పెంచకుండా.

టీవీ ఆగింది. గ్లాసు పట్టుకుని సీనప్ప గడప దగ్గర నిలబడ్డాడు, వెనకాల అమరేష్. మునిరత్నమ్మ తల ఎత్తలేదు. ముద్ద తుంచి, పులుసులో అద్ది, తృప్తిగా మింగుతోంది. ఆకలి ముందు పెద్దరికం ఎంతసేపు నిలుస్తుంది? సీనప్ప గోడ పట్టుకుని కింద కూర్చుని, ప్లేటు తనే లాక్కున్నాడు. అమరేష్ మూలకు ఒదిగి, ఈసారి నవ్వకుండా చెయ్యి చాచాడు.

టీవీ చూస్తూనే మామ కథంతా విన్నట్టున్నాడు. కాసేపటికి అడిగాడు.

"ఆ రాజు తర్వాత బాగుండెనామ్మా?"

మునిరత్నమ్మ కూడా కోడలి వైపు తిరిగింది. రాజు తల ఏమైందో శశికళకు తెలుసు. ఆమె వేడి ముద్ద ఒకటి మింగింది. అది గొంతు నుంచి కడుపు దాకా వెచ్చగా దిగుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

"అది రేపటి పాఠం మామా," అంది. "రేపూ ఈడికే వస్తే చెప్తాను."