జత కలిసిన చోట

ప్రమోద్ మీద స్వర్ణలతకున్న కసి ఏడాదైనా చల్లారలేదు. నల్గొండలో అతని కింద పనిచేసేటప్పుడు, మందు గోలీల షీట్ల మీద తేదీలు ముద్రించే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి ఇంకొంచెం టైం కావాలని మొత్తుకుంది. "ఒక్కో సెట్టింగు ఒక్కసారి చూడు, చాలు" అన్నాడు. తీరా కొన్నవాళ్ల దగ్గర షీట్ల మీద తేదీలే పడలేదు. తప్పంతా ఆమె నెత్తిన రుద్దాడు. ఉద్యోగం పోయింది.

ఇప్పుడామె చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. అదే సాఫ్ట్‌వేర్‌కు కాస్త మెరుగులు దిద్ది అమ్మడానికి ప్రమోద్ అక్కడికే వచ్చాడు. సరిచూసి ఒప్పుకోవాల్సింది స్వర్ణలతే. దేవుడున్నాడనిపించింది.

"భాషలు, సైజులు, రంగులు, మిషన్లు, అన్ని కలిపి చూడాలంటె ఏండ్లు పడ్తది మేడం," అన్నాడు ప్రమోద్, మేనేజర్ సుహాసినితో. "ఒక్కొక్కటి చూసినం. మంచిగున్నది."

స్వర్ణలత నవ్వు ఆపుకుంది. నేతపని చేసే ఆమె తండ్రి వెంకటనర్సు కొత్త రంగులు వాడే ముందు జానెడు గుడ్డ నేసి చూసుకునేవాడు. నిలువునా పడుగులో అన్ని రంగుల చారలు, అడ్డంగా పేకలోనూ మళ్లీ అవే. ఆ ముక్కలో ప్రతి రంగూ ప్రతి రంగునూ తాకేది. ఉతికితే ఏది దేనికి అంటుకుంటుందో బయటపడేది. ఆమె కూడా పరీక్షలను అట్లాగే అల్లింది. ప్రతి సెట్టింగూ మిగతా ప్రతిదానితో ఒక్కసారైనా జత కలవాలి, అంతే. ఒక్కో పరీక్షలో ఎన్నో జతలు ఇమిడిపోతాయి కాబట్టి, వేలల్లో ఉండాల్సినవి ఇరవై ముప్ఫైకి దిగాయి.

నిన్ననే నడిపి చూసింది. తప్పు దొరికింది. అందరి ముందూ చూపించాలని నోరు మూసుకుంది.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. పెద్ద షీటు మీద తెలుగు బాగానే పడింది. చిన్న షీటు మీద ఇంగ్లీషూ బాగానే పడింది. చిన్న షీటు మీద తెలుగు పెట్టగానే తేదీ మాయమైంది. ప్రమోద్ మొహం మాడిపోయింది. స్వర్ణలత కసి సగం తీరింది.

అతను గిరుక్కున వెనక్కి తిరిగి, తన వెంట తెచ్చుకున్న టెస్టర్ కోమలను చూపించాడు. "గీ పిల్ల సరిగ్గ చూడలే మేడం. రేపటి సంది పనిల ఉండదు."

"నేను టైం అడిగిన గద సార్," అంది కోమల.

స్వర్ణలతకు ఒళ్లు మండిపోయింది.

"మేడం," అంది సుహాసినితో, "తప్పు యాడున్నదో తెల్వాలంటె ఒక్కటి మార్చి, మిగిలినయి గట్లనే ఉంచి చూడాలె. నిరుడు గీ సారు కింద గా జాగాల నేనుంటి, తేదీ పోయింది. గిప్పుడు కోమల ఉన్నది, మళ్ల పోయింది. మనిషిని మార్చి చూసినం. మారనిది గీ సారొక్కడే."

"ప్రమోద్ గారు, మీరు జర బయట కూసోండ్రి," అంది సుహాసిని. "కోమలా, నువ్వు ఇటు రామ్మా. ఏం జరిగిందో నువ్వే చెప్పు."

స్వర్ణలత లేచి వెళ్లి, అతను బయటికి నడిచేదాకా తలుపు తీసి పట్టుకుంది.