తల ఊపితేనే తిప్పే వాల్వు

ఫిర్దోస్‌కు కోపం వస్తే నోరు పడిపోతుంది. అరిచి, నాలుగు తిట్టి, కడుపులోది కక్కేసే మనిషైతే ఇంత ఘోరం జరిగేది కాదు. ఆమె కోపాన్ని మడతపెట్టి దాచుకునే రకం. అదే ఆమెకున్న పెద్ద రోగం.

వరంగల్‌లో రైతులు తెచ్చే మట్టినీ, నీళ్లనూ పరీక్షించే ప్రైవేటు ల్యాబ్ అది. అక్కడ మంట రంగును బట్టి లోహాలను పసిగట్టే యంత్రం ఒకటుంది. దాన్ని నడిపేది ఫిర్దోస్. దానికి ఎసిటిలిన్ గ్యాసు కావాలి. సిలిండర్ వాల్వు తిప్పేది అటెండర్ రాయమల్లు. కాశిబుగ్గలో మగ్గం నేసి నేసి, ఇక బతుకు గడవక ఇటు వచ్చిన పెద్దమనిషి. ఆయన వాల్వు మీద చెయ్యి వేసి ఫిర్దోస్ మొహం వైపు చూస్తాడు. ఆమె తల ఊపితేనే తిప్పుతాడు. సార్లు ఎంతమంది మారినా ఆ పద్ధతి మారలేదు.

ఇప్పటి సారు సుదర్శన్. ఫిర్దోస్ దగ్గరే పని నేర్చుకుని, ఆమెకు రావలసిన కుర్చీలో కూర్చున్నాడు. సరిగ్గా తనిఖీ వాళ్లు వచ్చే రోజే గ్యాసు అయిపోయింది. కొత్త సిలిండర్‌ను ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఎసిటిలిన్ సిలిండర్‌లో అసిటోన్ అనే ద్రవం కూడా ఉంటుంది. పడుకోబెడితే అది వాల్వు దాకా పాకుతుంది. మళ్లీ నిలబెట్టి, ఒక రోజైనా కదపకుండా ఉంచితే గాని ముట్టుకోకూడదు.

"సార్, సిలిండర్ పండవెట్టి తెచ్చిన్రు. ఇయ్యాల ముట్టియ్యొద్దు," అంది ఫిర్దోస్.

తనిఖీ వాళ్లు పక్కనే నిలబడి ఉన్నారు. సుదర్శన్ వాళ్లను చూసి నవ్వాడు. "మా ఫిర్దోస్‌కు అన్నిటికీ భయమే సార్. అందుకే ఇన్నేండ్లయినా ఆడనే ఉన్నది."

వాళ్లూ నవ్వారు. సుదర్శన్ వాల్వు తిప్పమని రాయమల్లుకు సైగ చేశాడు. ఫిర్దోస్ నోరు పడిపోయింది.

సరే కానీ, అనుకుంది లోపల. మంట ఎర్రబడుతుంది, పొగ కక్కుతుంది, బర్నర్ పాడవుతుంది, వీళ్ల ముందే వీడి పరువు గంగలో కలుస్తుంది. అంతకు మించి ఏం కాదని తనకు తానే నచ్చజెప్పుకుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

రాయమల్లు వాల్వు మీద చెయ్యి వేసి ఆగాడు. ఆమె వద్దన్న మాట ఆయన చెవినా పడింది మరి. "తిప్పాల్నా బిడ్డా?"

ఫిర్దోస్ తల ఊపింది.

మంట మొదట మామూలుగానే లేచింది. తర్వాత ఎర్రబడి ఊగింది. వస్తున్న నవ్వు దాచుకోవడానికి ఆమె తల దించుకుంది. "బంద్ చెయ్, బంద్ చెయ్!" అని సుదర్శన్ అరిచాడు. రాయమల్లు వాల్వు కట్టేసి, ఏమైందోనని బర్నర్ దగ్గరకు వంగాడు. అప్పుడే మంట లోపలికి గుంజుకుంది. బర్నర్ కింది గిన్నె ఢామ్మని పగిలి, నిప్పూ పెంకులూ ఆయన మొహం మీద పడ్డాయి.

రెండు కళ్లూ పోయాయి.

సుదర్శన్ కుర్చీ అంగుళం కదల్లేదు. ఫిర్దోస్ సరే అన్నాకే రాయమల్లు తిప్పాడని అందరికీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. కానీ రాయమల్లు భార్య రాజేశ్వరి ఆ మాటకు సుదర్శన్ మీదికే లేచింది. ఫిర్దోస్ దవాఖానకు వస్తే తను కూర్చున్న స్టూలు ఆమెకిచ్చి, తాను నేల మీద కూర్చుంది.

నిజం చెప్పేయాలనే ఫిర్దోస్ వచ్చింది. అడుగుల చప్పుడు విని, మంచం మీది నుంచి రాయమల్లే ముందు మాట్లాడాడు.

"ఫికర్ వెట్టుకోకు బిడ్డా. అందరు నిన్నే అంటాన్రట. ఇట్లయితదని నీకు ఎరుకైతే నన్ను తిప్పనిస్తవా, చెప్పు?"

ఫిర్దోస్ తల అడ్డంగా ఊపింది.

రాయమల్లు కట్లు కట్టిన మొహాన్ని ఆమె వైపు తిప్పి ఎదురుచూశాడు. "జర నోటితోని చెప్పు బిడ్డా. నీ తల ఊపుడు ఇగ నాకు కానరాదు గద."

"అస్సల్ తిప్పనియ్య కాకా," అంది ఫిర్దోస్. ఆ మాటకు మాత్రం ఆమె నోరు పడిపోలేదు.