బండ మీద వడ్డన

ఆ ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి వానాకాలం, చలికాలం రెండూ వెళ్లిపోయాయి. మాటలు మానేశారు గానీ చెప్పుకోవలసినవి మానలేదు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, పెద్దవాడు తన భార్యతో, "రేపు మందని వాగవతలికి మార్చాలని చెప్పు" అనేవాడు. ఆవిడ చిన్నకోడలితో చెప్పేది. చిన్నకోడలు మొగుడి వైపు తిరిగి, "విన్నారుగా" అనేది. వినకేం, చెవులున్నాయి. అయినా కబురు ఇద్దరాడవాళ్ల నోళ్లమీదుగా రాకపోతే ఆయనకు అందినట్టు కాదు.

"స్టాంపుల్లేకుండా నడిచే పోస్టాఫీసు మనదొక్కటే అక్కా," అనేది చిన్నకోడలు.

"సెలవులు కూడా లేవు," అనేది తోడికోడలు.

ఇంతకీ గొడవకి మూలం చిన్నకోడలే. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చదువుకుంది. పెళ్లయ్యాక ఆ చదువు ఆకుకూరల్లో కలుపు ఏరడానికి తప్ప అక్కరకు రాలేదు. ఈ ఇంటికి వచ్చేనాటికి పచ్చిక బయలంతా గొరిగిన గుండులా ఉండేది. ఏడాది పొడుగునా ఆవులు ఎక్కడ పడితే అక్కడ, మొలిచిందల్లా మొలిచినట్టే కొరికేసేవి. ఆమె ఒక్కొక్కరినీ మెల్లగా దారికి తెచ్చింది. బయలును తీగ కంచెలతో ముక్కలు చేయించింది. మందనంతా ఒక ముక్కలో కొద్దిరోజులు మేపడం, తర్వాత దాన్ని మూసేసి గడ్డి మళ్లీ మోకాలెత్తు లేచేదాకా అటు తొంగిచూడకపోవడం. ఉప్పు డబ్బా మోగిస్తే మంద తనంతట తానే గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేలా అలవాటు చేసిందీ ఆమే. పశువైద్యుడితో వాదించి, చచ్చాక ఆ పశువును తిన్న రాబందుల్ని చంపే పాత నొప్పి సూదిని మాన్పించింది. చచ్చిన పశువును గోతిలో పూడ్చకుండా బయలు చివర ఉన్న బల్లపరుపు బండ మీదికి ఈడ్చి వదిలేయాలని నియమం పెట్టింది.

గడ్డి వచ్చింది. పేడపురుగులు వచ్చాయి, కుందేళ్లు వచ్చాయి, నేలమీద గూళ్లు కట్టే పిట్టలు వచ్చాయి. ఒకరోజు బండ మీద, బట్టతల పెద్దమనుషులు పంచాయతీకి కూర్చున్నట్టు, నాలుగు రాబందులు వచ్చి కూర్చున్నాయి. అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలో చూడడమే, మళ్లీ ఇదే చూడడం. ఆ రోజు చిన్నకోడలు ఎవరికీ కనబడకుండా పెరట్లోకెళ్లి ఏడ్చింది. లోపలికొచ్చి నెపం ఉల్లిపాయల మీద పెట్టింది. ఆ రోజు వంటలో ఉల్లిపాయే లేదని తోడికోడలు కనిపెట్టింది గానీ, పైకి అనలేదు.

పిలిచిన చుట్టాల వెనకాలే పిలవని చుట్టమూ దిగింది. తోడేలు. రెండు దూడలు పోయాక బావగారు, "మందు పెడతాను," అన్నాడు. తమ్ముడు, "నా కంఠంలో ప్రాణం ఉండగా పెట్టవు," అన్నాడు. అవే ఆఖరి మాటలు.

ఆ రోజు పొద్దెక్కాక చిన్నకోడలు పప్పు కలుపుతుంటే మొగుడు ఈల వేసుకుంటూ వచ్చి చేతులు కడుక్కున్నాడు.

"వాగు పక్కన దూడొకటి చచ్చిపడుంది. తోడేలు పనే. తొడ కొంచెం తిని వదిలేసింది. ట్రాక్టరుకి కట్టి బండ మీదికి లాగేశాను."

"బావగారికి చెప్పారా?"

"నేనెందుకు చెప్తాను? నువ్వే పంపు కబురు," అంటూ దుర్భిణి మెడలో వేసుకుని బయల్దేరాడు. "ఈసారి వడ్డన బాగుంది. వాటి భోజనం చూసొస్తా."

మోటారుసైకిలు చప్పుడు దూరమయ్యేసరికి వెనక గుమ్మంలోంచి బావగారు వచ్చాడు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు. నేరుగా భార్య దగ్గరికి వెళ్లాడు.

"వాగు పక్కన నా దూడ కనబడట్లేదు. ఎవరన్నా తీశారేమో అడుగు."

తోడికోడలు చిన్నకోడలి వైపు తిరిగింది. "వాగు పక్కన దూడ..."

"విన్నానక్కా. ఆయన బండ మీదికి లాగేశారు."

బావగారు పక్కనున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. దూడ పోయిందన్న బాధలా లేదు అది. చిన్నకోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ గొడవ మొదలయ్యాక మొదటిసారి ఆమె పోస్టాఫీసును పక్కనపెట్టి నేరుగా అడిగింది.

"బావగారూ, ఆ దూడలో ఏం పెట్టారు?"

ఆయన తన కాళ్లకున్న చెప్పుల వంక చూసుకున్నాడు.

"పురుగుమందేనా?"

"తోడేలు రాత్రికి మళ్లీ వస్తుందని..." ఆయన కుర్చీ వదిలేశాడు. "తొడ దగ్గర కోసి దట్టించాను. వీడు తీసుకుపోయి అక్కడ పెడతాడని నాకేం తెలుసు?"

"నియమం అదేగా! చచ్చిందల్లా బండ మీదికేగా!"

"నాకు చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పారా?"

తోడికోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన చేతుల మీదుగా వెళ్లకుండా ఆ ఇంట్లో మాటలు అంత వేగంగా నడవడం ఆవిడెప్పుడూ చూడలేదు.

చిన్నకోడలు మొగుడికి ఫోను చేసింది. అది అక్కడే, పిండి డబ్బా మీద మోగింది. మోగితే పిట్టలు బెదురుతాయని ఆయన ఫోను ఇంట్లో వదిలి వెళ్తాడు. అలా వెళ్లమని బతిమాలి నేర్పించింది తనే.

"జీపు తియ్యండి," అంది.

జీపు ఎక్కాక చూసుకుంటే గరిటె ఇంకా చేతిలోనే ఉంది. వెనక ఉప్పు డబ్బా దొర్లుతోంది. మొదటి గేటు దగ్గర ఆమె దూకి తీసి, జీపు దాటాక మళ్లీ వేయబోయింది.

"వదిలెయ్యమ్మా! ఇప్పుడు కూడా గేటేనా!"

"మంద పక్కనే ఉంది. లోపల పిట్టలు గుడ్ల మీదున్నాయి. రెండు కాలాల నుంచి మూసి ఉంచిన గడ్డిది." గొళ్లెం బిగించి పరుగెత్తుకొచ్చింది. నాలుగు ప్రాణాలు అటు, నియమం ఇటు. నియమం పెట్టినవాళ్లకే దాన్ని తెంచడం చేతకాదు కాబోలు.

మిట్ట ఎక్కుతుండగా ఆకాశంలో అవి కనబడ్డాయి. నల్లటి పెద్ద రెక్కలు, కదలకుండా, వలయాలుగా. మూడు. నాలుగోది కనబడలేదు.

బావగారు గేరు మార్చి తొక్కాడు. ఇంజను గట్టిగా ఉరిమింది. ఆ ఉరుము వినగానే వలయం చిన్నదై కిందికి వాలడం మొదలుపెట్టింది.

"ఆపండి! ఆపండి బావగారూ!" ఆమె ఆయన చెయ్యి పట్టి లాగింది. "బండి చప్పుడంటే వాటికి భోజనం గంట. మనమే పిలుస్తున్నాం!"

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో వాటి రెక్కల చప్పుడు, చాపలు దులిపినట్టు, వినబడింది. ఇద్దరూ దిగి పరుగందుకున్నారు. ఆమె గరిటెతో, ఆయన ఉత్త చేతులతో.

బండ మీద దూడ పడి ఉంది. నాలుగోది అప్పటికే దాని తల దగ్గర ఉంది. ముక్కు కంటిలో దిగి ఉంది. మిగతావి వరసగా దిగి, బిడియపడుతున్న విందు చుట్టాల్లా గెంతుతూ దగ్గరికొస్తున్నాయి. కాస్త దూరంలో పొద వెనక ఆమె మొగుడు బోర్లా పడుకుని దుర్భిణి కళ్లకు ఆనించుకున్నాడు. వీళ్లను చూడగానే కోపంగా చెయ్యి ఊపాడు, వెనక్కి పొమ్మని.

చిన్నకోడలు అరవబోయింది. ఆయాసంతో దగ్గొచ్చింది. అరిచింది బావగారు.

"ఒరేయ్! మందు పెట్టానురా! తోలరా వాటిని!"

అన్న గొంతు విని తమ్ముడు ముందు తెల్లబోయాడు. మాట అర్థమయ్యాక లేచి ఉరికాడు. ముగ్గురూ చేతులు ఊపారు, రాళ్లు విసిరారు. రాబందులు నాలుగడుగులు వెనక్కి గెంతి, మళ్లీ ముందుకొచ్చాయి. వాటిని బెదరనివ్వకుండా వీళ్లు పడ్డ తంటాలన్నీ ఇవాళ ఎదురు తిరిగాయి. ఇటువైపు తోలితే అటు తొడ దగ్గరికి ఒకటి చేరుతోంది.

బావగారు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి జీపు వైపు పరుగెత్తాడు.

"ఎక్కడికి పోతున్నాడు చూడు! పెట్టినవాడు పారిపోతున్నాడు!" అన్నాడు తమ్ముడు, అలవాటు కొద్దీ భార్యతోనే.

పారిపోలేదు. ఉప్పు డబ్బా చప్పుడు వినబడింది. చిన్నకోడలికి ఒక్క క్షణంలో అర్థమైంది. ఆయన గేటు వైపు పరుగెడుతున్నాడు, రాయితో డబ్బా బాదుతూ. వద్దనడానికి నోరు తెరిచింది. తొడ దగ్గరికి మళ్లీ చేరుతున్న పక్షిని చూసి మూసుకుంది.

గేటు తెరుచుకుంది. మందంతా ఒక్కసారి గట్టు తెగిన నీళ్లలా లోపలికి వచ్చింది. ఆమె దాచుకున్న గడ్డి మీదుగా, గూళ్లున్నాయని తాను తాడు కట్టిన పొదల మీదుగా, తోకలెత్తుకుని డబ్బా వెనకాల పరుగెత్తుకొచ్చింది. నేల అదిరింది. బావగారు డబ్బా మోగిస్తూ బండ చుట్టూ తిరిగి, ఉప్పంతా దూరంగా వలయంలా జల్లాడు. ఆవులు తోసుకుంటూ, అరుస్తూ, బండ చుట్టూ గోడలా నిలబడ్డాయి. ఆ గిట్టల మధ్య నిలవలేక రాబందులు ఒక్కొక్కటే రెక్కలు విప్పి లేచాయి.

మూడు లేచాయి.

నాలుగోది కాస్త ఎగిరి పక్క రాయి మీద వాలింది. తల రెక్కల్లోకి దించుకుంది. కదల్లేదు.

అన్నదమ్ములు దూడ మీద జీపులోని పరదా కప్పి రాళ్లు పెట్టారు. ఆవుల్ని నెమ్మదిగా తోలుకెళ్లి గేటు మూశారు. తర్వాత ముగ్గురూ నేలమీద కూర్చున్నారు. చెయ్యగలిగింది ఇంకేం లేదు.

"కంటి దగ్గరే తినింది," అన్నాడు తమ్ముడు. "తొడ ముట్టలేదు. నేను మొదట్నుంచీ చూస్తున్నా."

"తలలో కూడా పెట్టావా అన్నయ్యా?" అని అడగబోయి ఆగిపోయాడు. కానీ అన్న విన్నట్టే జవాబిచ్చాడు.

"తొడే. ఒక్క తొడే." రాయి వైపు చూస్తూ, "నెత్తురుతో పాటు ఎంత దూరం పాకిందో నాకు తెలీదు," అన్నాడు.

ఎండ తిరిగింది. పక్షి ఒకసారి ఒరిగింది. చిన్నకోడలు లేవబోయింది. పక్షి మళ్లీ నిలదొక్కుకుంది. ముందున్న గడ్డి అంతా నేలకు అంటుకుపోయి ఉంది. తాడు కట్టిన పొద దగ్గర గూడు ఎక్కడుందో వెతికే ధైర్యం ఆమెకు రాలేదు.

"కాసేపు తొక్కితే గింజ నేలలో దిగుతుందని నువ్వే చదివి వినిపించావుగా," అన్నాడు మొగుడు, ఓదార్పుగా.

"గింజల మాట చదివాను. గుడ్ల మాట చదవలేదు."

బావగారు ఆమె వంక చూసి తల దించుకున్నాడు. "తోడేలు మళ్లీ వస్తే ఏం చెయ్యమంటావమ్మా? నిజంగా అడుగుతున్నా. దూడలు నావే కదా పోయేవి."

ఆమె ఇన్నాళ్లూ కబుర్లు మోసిందే గానీ, అందులో ఒక్కటీ ఈ ప్రశ్న కాదు. ఆయన అడగలేదు, తను అడగనివ్వలేదు.

"ఈనబోయే ఆవుల్ని ముందే ఇంటి పక్క ముక్కలోకి తెద్దాం," అంది. "అక్కడ గడ్డి పాడైతే పాడవనీ. రాత్రుళ్లు దూడలు గోడల మధ్య ఉంటాయి."

"అది నీ కూరల మడి పక్కనేగా?"

"అదే. తోడేలు కూరలు తినదులెండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ముగ్గురి కళ్లూ రాయి మీద నుంచి రావాలి.

పొద్దు వాలబోతుండగా వేడిగాలి ఒకటి మిట్ట మీదుగా లేచింది. పక్షి మెడ చాచింది. రెక్కలు సగం విప్పి, ముడుచుకుని, మళ్లీ విప్పింది. రాయి అంచుదాకా బరువుగా నడిచి పడబోయినట్టు ముందుకు తూలింది. తూలినచోటే గాలి దాన్ని అందుకుంది. మొదట నేలకు రాసుకుంటూ, ఆ తర్వాత పొదలకు పైగా, ఆ తర్వాత మిట్టకు పైగా వెళ్లింది. పైన మూడూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

తమ్ముడు లేచి పరదా కప్పిన దూడ వైపు చూశాడు.

"పార ఎక్కడుంది? దీన్ని లోతుగా పూడ్చాలి."

"జీపులో," అన్నాడు అన్న. "నువ్వెప్పుడూ చోటు మారుస్తావుగా, అందుకే నా దగ్గర పెట్టుకున్నా."

"నేనెప్పుడు మార్చాను?"

"మొన్న మార్చలేదూ?"

చిన్నకోడలు గరిటె తీసుకుని లేచింది. ఇంటి దగ్గర పప్పు చల్లారి ఉంటుంది. తోడికోడలు పొయ్యి కట్టేసే ఉంటుంది గానీ, ఏమైందో తెలియక గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆవిడకు కబురు చెప్పాలి. వెనక గొయ్యి ఎంత లోతు తవ్వాలన్న దాని మీద గొంతులు పెరుగుతున్నాయి. ఆమె గూడున్న పొద వైపు నడిచింది, వంగి, చేత్తో గడ్డి విప్పుకుంటూ.